హెసరఘట్ట దగ్గర కనిపించింది డేగా, కోకిల జాతా? ఎలా తేల్చుకోవాలి?

యలహంక_కిరణ్
ఆదివారం పొద్దున బెంగళూరు దగ్గరి హెసరఘట్ట చెరువు పక్కన నీలగిరి తోపులో ఒక పిట్ట కనిపించింది. అప్పటినుంచి మా గ్రూపులో వాదన ఆగడం లేదు. సైజు పావురమంత. పైన బూడిద రంగు, పొడుగు తోక, దాని మీద అడ్డంగా నల్ల పట్టీలు, రొమ్ము లేత ఇటుక రంగు. రెక్కలు టపటపా కొట్టి, కాసేపు జారి, మళ్ళీ కొట్టి, చెట్ల మధ్య కిందుగా వచ్చి కొమ్మ మీద వాలింది. అది రాగానే చుట్టుపక్కల చిన్న పిట్టలన్నీ గోల గోల. ఇద్దరు షిక్రా అన్నారు, అంటే మన జాలెడేగ. ఒకాయన మాత్రం ఇది కోకిల జాతి, హాక్ కుకూ అని పట్టుబట్టాడు. యాప్‌లో పెడితే ఒక ఫోటోకి అదొచ్చింది, ఇంకో ఫోటోకి ఇదొచ్చింది. ఫోటోలన్నీ వెనక నుంచి తీసినవే, ముక్కు కనపడదు.

నా బాధ ఈ ఒక్క పిట్ట గురించే కాదు. ఎక్కడికెళ్ళినా ఇదే తంతు. అడిగితే ప్రతివాళ్ళూ ఒక పేరు చెప్తారు, ఎందుకు ఆ పేరో చెప్పరు. పేరొక్కటే చెప్తే నాకు లాభం లేదు. ఏం చూసి తేల్చారో చెప్పండి.

మారతహళ్ళి_మధు
షిక్రా. తోక మీద పట్టీలు, ఇటుక రంగు రొమ్ము, చిన్న పిట్టల గోల. ఇంకేం కావాలి?

జక్కూరు_శ్రీలత
మధు గారూ, మీరు చెప్పిన మూడూ హాక్ కుకూకి కూడా ఉన్నాయి, చిక్కంతా అక్కడే. అది చూడ్డానికి షిక్రాలాగే ఉంటుంది, ఎగరడం కూడా అలాగే, నాలుగు సార్లు రెక్కలు కొట్టి జారుతుంది. చిన్న పిట్టలు దాన్ని చూసి డేగే వచ్చిందనుకుని వెంటపడతాయి. కాబట్టి గోల దేనికీ సాక్ష్యం కాదు.

ముందు ముక్కు చూడాలి. షిక్రా ముక్కు పొట్టిగా, లావుగా, కొక్కెంలా కిందికి తిరిగి ఉంటుంది, మాంసం చీల్చుకునే ముక్కు అది. కుకూ ముక్కు సన్నగా కొంచెం పొడుగ్గా ఉండి చివర ఓ మాత్రం వంపు. తర్వాత కన్ను. కంటి చుట్టూ పసుపు రింగు ఉంటే కుకూ. షిక్రాకి రింగు ఉండదు, కన్నే ఎర్రగానో పసుపుగానో ఉంటుంది, ఎదిగిన మగదానికైతే బాగా ఎరుపు. షిక్రా గొంతు మధ్యలో సన్నగా ఒక నిలువు గీత ఉంటుంది, లేత పిట్టకి ఇంకా స్పష్టంగా. ఇక కాళ్ళు దొరికితే సందేహమే ఉండదు. షిక్రావి పొడుగు పసుపు కాళ్ళు, మూడు వేళ్ళు ముందుకి, ఒకటి వెనక్కి. కుకూవి పొట్టి కాళ్ళు, రెండు వేళ్ళు ముందుకి, రెండు వెనక్కి.

ముక్కు లేదన్నారు సరే, ఏ ఒక్క ఫోటోలోనైనా కాళ్ళు కనిపిస్తున్నాయేమో జూమ్ చేసి చూడండి.

యలహంక_కిరణ్
కాళ్ళు కొమ్మ వెనక ఉండిపోయాయి శ్రీలత గారూ. కానీ మీరు చెప్పాక మళ్ళీ చూశాను, కూర్చున్న తీరు నిటారుగా లేదు, ముందుకి వాలినట్టుంది. రెక్కలు రెండూ తోక పక్కన కొంచెం వేలాడుతున్నాయి.

హిందూపురం_రెడ్డి
రెక్కలు వేలాడితే కుకూ వైపే మొగ్గాలి. డేగ కొమ్మ మీద కూర్చుంటే గుంజ పాతినట్టు నిలువుగా ఉంటుంది. అరుపేమైనా విన్నారా? జూన్‌లో హాక్ కుకూ ఊరుకోదు. మూడు ముక్కల కూత, ప్రతిసారీ ఒక మెట్టు పైకి, ఇంకా పైకి, గొంతు పగిలేలా అరిచి ఠక్కున ఆగిపోతుంది. కాసేపటికి మళ్ళీ కింద నుంచి మొదలు. మబ్బు పట్టిన రోజు పగలంతా, వెన్నెల ఉంటే రాత్రి కూడా. దాన్ని బ్రెయిన్ ఫీవర్ బర్డ్ అన్నవాళ్ళకి నిద్ర లేకుండా పోయి ఉంటుంది పాపం.

యలహంక_కిరణ్
ఆ కూత విన్నాం! కానీ పిట్ట రావడానికి ఓ అరగంట ముందు, చెరువు అవతలి నుంచి. వాలాక అది నోరు మెదపలేదు.

హిందూపురం_రెడ్డి
ఇంకేం, తేలిపోయింది కదా.

జక్కూరు_శ్రీలత
తేలలేదు రెడ్డి గారూ. అవతల అరిచింది ఒకటి, ఇవతల వాలింది ఇంకొకటి అయ్యుండొచ్చు. ఆ చుట్టుపక్కల షిక్రాలూ ఉన్నాయి, కుకూలూ ఉన్నాయి. అరిచినప్పుడు ముక్కు కదలడం చూస్తేనే ఆ కూత ఆ పిట్టది. పైగా నల్ల ఏట్రింత షిక్రా కూతని అచ్చంగా అనుకరిస్తుంది. ఆ కూత విని డేగ కోసం తల పైకెత్తి వెతికే వాళ్ళని చాలామందిని చూశాను, పక్కన తీగ మీద ఏట్రింత కూర్చుని ఉంటుంది.

మదనపల్లి_మామయ్య
ఏట్రింతని మా ఊళ్ళో పసుల పోలిగాడు అంటారు. గేదె వీపు మీద సవారీ చేస్తూ, గడ్డిలోంచి లేచిన పురుగుల్ని గాల్లోనే పట్టేస్తుంది. తోక చివర చీలి ఉంటుంది. దాని గూడు దగ్గరికి గద్ద వచ్చినా తరిమి కొడుతుంది. పిట్టల్లో నాకు దానంత ఇష్టమైనది లేదు.

బైనాక్యులర్_బాబాయ్
కిరణ్ బాబూ, నువ్వు అడిగిన ప్రశ్న మంచిది కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

కొత్తవాళ్ళు అందరూ ముందు చెప్పేది రంగు. నేను చివర అడిగేది రంగు. ఎండ ఎదురుగా ఉంటే ఏ పిట్టైనా నల్లగానే కనిపిస్తుంది, మబ్బులో బూడిద రంగు అంతా ఒకటే. పాలపిట్టనే తీసుకో. కర్ణాటకకీ తెలంగాణకీ రాష్ట్ర పక్షి, దసరా నాడు జనం పనిగట్టుకుని వెతుకుతారు. తీగ మీద ముడుచుకుని కూర్చున్నప్పుడు ముందు నుంచి చూస్తే మట్టిరంగు రొమ్ము, పెద్ద తల, అంతే. నీలం కోసం వెతికేవాడు దాని కిందే నడుచుకుంటూ వెళ్ళిపోతాడు. రెక్క విప్పితే అప్పుడు నీలం మీద నీలం. ఇక లకుముకిని చూసి పాలపిట్ట అనేవాళ్ళకి లెక్కే లేదు, రెండూ తీగల మీద కూర్చుంటాయి, రెండింటికీ నీలం ఉంది. లకుముకికి పొడుగాటి ఎర్ర ముక్కు, తెల్ల గొంతు. ముక్కు చూస్తే ఒక్క క్షణంలో అయిపోయే పని, రంగు పట్టుకుంటే రోజంతా వాదన.

కాబట్టి ముందు సైజు, అది కూడా నీకు తెలిసిన పిట్టతో పోల్చి. పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా? తర్వాత ముక్కు, తోక. ఆ తర్వాత అది ఏం చేస్తోంది, నేల మీద నడుస్తోందా గెంతుతోందా, తోక ఆడిస్తోందా, తీగ మీంచి ఎగిరి పురుగుని పట్టి మళ్ళీ అదే చోటికి వస్తోందా. ఇవన్నీ అయ్యాక రంగు. ఇంకో మాట, పిట్ట ఎదురుగా ఉన్నంతసేపూ ఫోన్‌లో తల పెట్టొద్దు. అది ఎగిరిపోయాక కూడా ఫోన్ అక్కడే ఉంటుంది.

నీ పిట్ట సంగతికి వస్తే, వాలిన వెంటనే తోక ఏం చేసింది? గుర్తు తెచ్చుకుని చెప్పు.

సర్జాపూర్_సందీప్
బాబాయ్ గారూ, గౌరవంతోనే చెప్తున్నాను, ఇదంతా యాప్‌లు రాకముందు మాట. పిట్టల్ని గుర్తుపట్టే మెర్లిన్ యాప్‌లో చోటు, తేదీ ఇస్తే ఆ నెలలో ఆ ప్రాంతంలో ఉండే పిట్టలే చూపిస్తుంది. ఆ ప్రాంతం పిట్టల ప్యాక్ ముందే దించుకుంటే సిగ్నల్ లేని చోట కూడా పనిచేస్తుంది. కూత వింటూ పేర్లు చెప్పుకుంటూ పోతుంది. నేను పిట్టల పేర్లు నేర్చుకున్నదే దాంతో.

బైనాక్యులర్_బాబాయ్
యాప్ వద్దని ఎక్కడన్నాను సందీప్? నేనూ వాడతాను. కానీ కిరణ్ రెండు ఫోటోలు పెడితే రెండు పేర్లు చెప్పింది కదా, ఇప్పుడు ఏది నమ్మాలి? ఆ రెండింట్లో ఒకటి ఎంచుకోవడానికి మళ్ళీ ముక్కూ తోకా చూడాల్సిందే.

కడప_కలివికోడి
యాప్‌ల మాట వచ్చింది కాబట్టి మా జిల్లా సంగతి చెప్తాను. కలివి కోడి అనే అరుదైన పిట్టని 1900 తర్వాత ఎవరూ చూడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు వెతకడానికి మా వైపు వచ్చి ఊరూరా బొమ్మ చూపించి అడిగారు. 1986లో రెడ్డిపల్లి దగ్గర మా ప్రాంతం మనిషే రాత్రిపూట లైటు వేసి దాన్ని పట్టుకొచ్చి చూపించాడు. పక్షి శాస్త్రవేత్తల దగ్గర లేని జాడ, రోజూ అడవిలో తిరిగే మనిషి దగ్గర ఉంది. ఆ చోటే తర్వాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యంలోకి వచ్చింది. బెంగళూరు చుట్టుపక్కల తిరిగేటప్పుడు కూడా గొర్రెలు కాసేవాళ్ళని, చెరువు దగ్గర చేపలు పట్టేవాళ్ళని అడగండి. ఫలానా పిట్ట ఏ వేళకి ఏ గట్టు మీద ఉంటుందో వాళ్ళు చెప్పినట్టు ఏ యాప్ చెప్పలేదు.

మారతహళ్ళి_మధు
కలివికోడి అన్నా, కథ బాగుంది, కానీ వాళ్ళు పిట్టలన్నిటికీ రెండే పేర్లు చెప్తారు. కొంగ, గద్ద.

కడప_కలివికోడి
వాళ్ళతో కలిసి పదడుగులు నడిచి అడుగు మధూ, అప్పుడు చూడు.

వైట్‌ఫీల్డ్_సుజాత
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ప్రతి వేసవిలో ఒకరు "మన బాల్కనీలో డేగ" అని ఫోటో పెడతారు. ఒళ్ళంతా మచ్చలు, తోక మీద పట్టీలు, ఎర్ర కన్ను. అది ఆడ కోయిల! కోయిల అంటే నల్లగానే ఉండాలని అందరి మనసులో పడిపోయింది, నలుపు మగదానికే. ఇంకొకరు మందార చెట్టు దగ్గర హమ్మింగ్‌బర్డ్ చూశానంటారు. ఆ పిట్టలు మన దేశంలోనే లేవు, అమెరికా ఖండాల్లోనే ఉంటాయి. మన దగ్గర పువ్వు ముందు రెపరెపలాడేది తేనెపిట్ట. అది కూడా ఎక్కువసేపు కొమ్మ పట్టుకునే తేనె తాగుతుంది, చూడండి కావాలంటే.

సర్జాపూర్_సందీప్
మా గ్రూపులో అయితే హమ్మింగ్‌బర్డ్‌కి అరవై లైకులు, తేనెపిట్ట అన్నవాళ్ళకి ఒకటి. ఆ ఒకటీ నాదే.

యలహంక_కిరణ్
బాబాయ్ గారూ, తోక గురించి అడిగారు కదా. మాతో వచ్చిన ఒకావిడ ఫోన్‌లో చిన్న వీడియో తీసిందట, ఇందాకే పంపింది. వాలగానే తోక కాస్త పైకి లేపి ఎడమకీ కుడికీ ఆడించింది, రెండు మూడు సార్లు. ఆ తర్వాత కొమ్మ వెంట పక్కకి జరిగి ఆకు చాటున ఉన్న గొంగళి పురుగుని పట్టింది. ఒళ్ళంతా నూగున్న పెద్ద పురుగు. కొమ్మకేసి బాదింది, ముక్కుతో అటూ ఇటూ మార్చుకుంది, మింగేసింది. ఆ క్షణంలో తల పక్కకి తిరిగింది. ముక్కు సన్నగా ఉంది, కంటి చుట్టూ పసుపు కూడా లీలగా కనిపిస్తోంది.

బైనాక్యులర్_బాబాయ్
హాక్ కుకూ. వాలాక తోక అలా పక్కలకి ఆడించడం దాని అలవాటు. నూగున్న గొంగళి పురుగులు కోకిల జాతికి ఇష్టమైన తిండి, మిగతా పిట్టలు చాలావరకు వాటి జోలికి పోవు. షిక్రా అయితే బల్లినో, తొండనో, ఉడత పిల్లనో చూసుకునేది. ముక్కు, కన్ను కూడా దొరికాయి కాబట్టి ఇంక వాదన లేదు.

మారతహళ్ళి_మధు
వీడియో ముందే పెట్టి ఉంటే షిక్రా అనేవాణ్ణే కాదు. సరే, ఒప్పుకుంటున్నా. కానీ ఒక కోకిలకి డేగ వేషం ఎందుకు?

జక్కూరు_శ్రీలత
అది గూడు కట్టదు. బాబ్లర్లు ఉంటాయి చూడండి, మట్టిరంగులో గుంపులు గుంపులుగా నేల మీద ఆకులు తిరగేస్తూ కిచకిచలాడేవి, వాటి గూట్లో గుడ్డు పెడుతుంది. డేగ వచ్చిందని అవి బెదిరి పక్కకి తప్పుకుంటే దీని పని సులువవుతుందని పక్షుల్ని చదివేవాళ్ళు అంటారు. తర్వాత తనకంటే పెద్దదైపోయిన పిల్లకి బాబ్లర్ తిండి పెడుతుంటుంది. జూలై, ఆగస్టుల్లో బాబ్లర్ గుంపు వెంట రొమ్ము మీద చుక్కలతో పొడుగు తోక పిట్ట ఒకటి అరుచుకుంటూ తిరుగుతుంటే ఆగి చూడండి.

హిందూపురం_రెడ్డి
చలికాలంలో హెసరఘట్ట వెళ్తే ఇంతకంటే పెద్ద తలనొప్పి ఉంది. గడ్డి మీద చాలా కిందుగా, రెక్కలు కాస్త పైకి పెట్టి తేలుతూ హారియర్లనే వేట పిట్టలు తిరుగుతాయి. పాలిడ్, మాంటాగూ అని రెండు రకాలు. మగవాటిని విడదీయొచ్చు, మాంటాగూ రెక్క మీద నల్ల గీత ఉంటుంది, పాలిడ్ బాగా తెల్లగా ఉండి రెక్క కొస దగ్గర మాత్రమే నలుపు. ఆడవి మాత్రం రెండూ గోధుమ రంగే, రెండింటికీ తోక మొదట్లో తెల్ల పట్టీ. మంచి ఫోటో లేకపోతే పేరు పెట్టొద్దు. చూసిన పిట్టల లెక్క ఎక్కించే ఈబర్డ్ సైట్‌లో రెండింట్లో ఏదో ఒకటి అని రాసే వీలుంది, అదే రాయండి. ఊహించి రాసిన పేరు కంటే ఆ రాత వెయ్యి రెట్లు మేలు, రేపు ఎవరైనా ఆ లెక్కలు చూసి ఈ పిట్టలు తగ్గాయా పెరిగాయా అని తేలుస్తారు.

నెలమంగళ_నాగమణి
హెసరఘట్ట పేరు చూసి వచ్చాను, నాకొకటి చెప్పాలనుంది. 1894లో బెంగళూరుకి నీళ్ళివ్వడానికి అర్కావతి మీద కట్టిన చెరువది. దాని పక్కనున్న గడ్డి మైదానాన్ని చాలామంది ఖాళీ జాగా అనుకుంటున్నారు. సెలవు రోజు వస్తే బైకులు, జీపులు గడ్డి మీదే గింగిరాలు. ఫోటోల కోసం వచ్చేవాళ్ళు కూడా పిట్ట వెంట కారు తోలుతున్నారు.

అక్కడ చాలా పిట్టలు నేల మీదే గుడ్లు పెడతాయి. పసుపు తీతువుది అయితే గూడంటూ ఉండదు, నేల మీద కొద్దిగా గుంట, చుట్టూ నాలుగు గులకరాళ్ళు, మట్టిరంగు మీద నల్ల మచ్చల గుడ్లు. పక్కనే నిలబడి కిందికి చూసినా రాళ్ళనే అనుకుంటారు. తల్లి తల మీద ఎగురుతూ అరుస్తోందంటే మీరు గుడ్ల దగ్గర ఉన్నారని. అప్పుడు వచ్చిన దారినే వెనక్కి రావాలి. భరత పక్షులదీ అదే కథ, గడ్డి దుబ్బు మొదట్లో గూడు. టైరు పోతే ఇంక ఏమీ మిగలదు. దయచేసి బండి రోడ్డు మీదే ఆపండి, బాట వెంటే నడవండి. గూళ్ళ ఫోటోలు, చోటు పేరుతో సహా గ్రూపుల్లో పెట్టకండి.

జక్కూరు_శ్రీలత
నాగమణి గారి మాటకి ఇంకోటి కలుపుతాను. ఫోన్‌లో కూత పెట్టి పిట్టని పిలవడం కూడా మానండి. గూడు కట్టే కాలంలో అది తన హద్దులోకి ఇంకొకటి వచ్చిందనుకుని తిండి, పిల్లలు వదిలేసి పరిగెత్తుకొస్తుంది.

సర్జాపూర్_సందీప్
ఇది నాకు తెలియదు. ఒక టూర్‌లో గైడే స్పీకర్ పెట్టి పిలిచాడు, అందరం ఫోటోలు తీసుకున్నాం. ఇకపై ఎవరైనా పెడితే ఆపమంటాను.

మదనపల్లి_మామయ్య
పసుపు తీతువు, ఎర్ర తీతువు తేడా ఎవరైనా చెప్పండి. మా పొలంలో రాత్రిపూట అరిచేది ఏది?

హిందూపురం_రెడ్డి
రాత్రి గోల చేసేది ఎక్కువగా ఎర్రది. కంటి ముందు ఎర్ర తోలు, ఎర్ర ముక్కు కొస నలుపు, మెడా రొమ్మూ నల్లగా ఉంటాయి, నీళ్ళున్న చోట తిరుగుతుంది. పసుపుది ఎండు నేలలో ఉంటుంది, నల్ల టోపీ, ముక్కు పక్కన పసుపు తోలు, మెడ నల్లగా ఉండదు. కాళ్ళు రెండింటికీ పసుపే, కాళ్ళు చూసి చెప్పకండి.

కేఆర్‌పురం_లావణ్య
కొత్తగా చేరాను. మా ఇంటి దగ్గర చేపల మార్కెట్ పైన గద్దలు తిరుగుతాయి. వాటిలో ఒకటి అన్నిటిలాగే గోధుమ రంగే కానీ కొంచెం చిన్నది, ఏదో తేడాగా ఉంది. ఏమై ఉంటుంది?

బైనాక్యులర్_బాబాయ్
తోక చూశావా అమ్మా? మామూలు నల్ల గద్ద తోక కొస చీలి ఉంటుంది, ఎగురుతూ తోకని చుక్కానిలా తిప్పుతుంది. తోక కొస గుండ్రంగా ఉంటే అది గరుడ పక్షి పిల్ల. తెల్ల తల, ఇటుక రంగు ఒళ్ళు పెద్దయ్యాకే వస్తాయి, అంతవరకు గోధుమ రంగే.

కేఆర్‌పురం_లావణ్య
ఇప్పుడే మేడెక్కి చూసొచ్చాను. తోక గుండ్రంగానే ఉంది! పక్కన తెల్ల తలది కూడా ఒకటి తిరుగుతోంది.

హిందూపురం_రెడ్డి
అయితే గరుడే. ఈబర్డ్‌లో ఎక్కించండి, పిల్ల అని కూడా రాయండి.

యలహంక_కిరణ్
వచ్చే ఆదివారం హొసకోటె చెరువుకి వెళ్తున్నాం, పొద్దున ఆరుకి గట్టు మీద ఉంటాం. శ్రీలత గారూ, బాబాయ్ గారూ, వీలైతే రండి. లావణ్య గారూ, మీకు కేఆర్ పురం నుంచి దగ్గరే, నేరుగా బస్సులున్నాయి. స్పీకర్లు వద్దు, బండ్లు రోడ్డు మీదే. అక్కడ కొంగల్లో నాలుగు రకాలు పక్కపక్కన నిలబడతాయట, నల్ల ముక్కు, నల్ల కాళ్ళు, కింద పసుపు పాదాలున్నది చిట్టి కొంగ అని మాత్రం చదువుకున్నాను. మిగతావి అక్కడే అడుగుతాను.

జక్కూరు_శ్రీలత
వస్తాను. పాదాలు నీళ్ళలో ఉంటే కనపడవు, అది ఎగిరేదాకా ఆగాలి. టిఫిన్ ఎవరు తెస్తున్నారు?

మారతహళ్ళి_మధు
ఇడ్లీ నాది. చట్నీ ఎవరైనా పట్టుకురండి.